క్షమ ఎవరి సొత్తు?

నేను వుంటున్న పేటకు రహమత్ నగర్ అని పేరు. రహమత్ అంటే దయ, కరుణ. ఆ పేరు పెట్టిన వారెవరో గాని, ఎగువన జూబిలీహిల్స్ మేడలను, ఫిల్మ్‌నగర్ స్టూడియోలను, దిగువన మా ఇరుకు గల్లీలను ఒక్క చూపులో చూచినవాడికి అందులో కొంత వెక్కిరింత కనిపించక మానదు. కొండమీదివారికి వంటమనుషులను, డ్రైవర్లను, లైట్లు మోసేవారిని, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులను మా పేటా, పక్కనున్న కృష్ణానగరూ అందిస్తూ వుంటాయి. దయ ఎటునుంచి ఎటు ప్రవహించాలో మాత్రం పేరు చెప్పదు.

ఆదివారాలు మేము పదిమందిమి కూడి చదువుకుంటాము. అందులో ఉపాధ్యాయులున్నారు, విద్యార్థులున్నారు, ఇద్దరు యూనియన్ కార్యకర్తలున్నారు. కిందటి నెల ఒక యువమిత్రుడు క్వేకర్లను గురించి రాసుకొచ్చిన వ్యాసం చదివాడు. సమాజంలో హింస జరిగినప్పుడు దెబ్బతిన్నవారు పగ పట్టకుండా క్షమించడమే ఆ హింసకు సరియైన సమాధానమనీ, క్షమించినవాడు ముందుగా తనను తాను విముక్తి చేసుకుంటాడనీ, మన అభ్యుదయవాదులకు యీ సంగతి ఎన్నడూ పట్టలేదనీ ఆ వ్యాస సారాంశం. చక్కగా రాశాడు. నలుగురు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పవలసి వున్నది.

క్వేకర్లను తేలిక చేయాలని నా ఉద్దేశం కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో పురోహితుడు లేకుండా, మంత్రం లేకుండా, మౌనంగా కూర్చుని ఎవరికి మాట తోస్తే వారు లేచి చెప్పే ప్రార్థన సభలు పెట్టినవారు వారు. దొరల ముందు టోపీ తీయమన్నారు. కోర్టులో ప్రమాణం చేయమన్నారు, ఎందుకంటే ఒకచోట ప్రమాణం చేస్తే మిగతాచోట్ల అబద్ధం చెప్పవచ్చునని ఒప్పుకున్నట్లే గదా అని. ఇందుకు జైళ్ళకు వెళ్ళారు. ఏ రాజ్యంకోసమూ ఆయుధం పట్టబోమని 1661 జనవరిలో రెండవ ఛార్లెస్ రాజుకు రాసి ఇచ్చారు. రెండు ప్రపంచయుద్ధాలలో చేసిన సహాయానికి వారి సేవాసంఘాలకు 1947లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ మతంలో పుట్టినవాడే కంబోడియామీద బాంబులు కురిపించిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ అన్న సంగతి కూడా నిజమే గాని, ఒక్క నిక్సన్‌ను చూపి మూడున్నర శతాబ్దాల చరిత్రను కొట్టివేయడం మనకు తగదు. మనకూ నిక్సన్‌లు లేకపోలేదు.

నా తగాదా వేరు. క్షమించమని ఎవరు ఎవరికి చెబుతున్నారు?

మా కొండమీదనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1997 నవంబరు 19న ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో బయట కారుబాంబు పేలింది. ఆ రోజు లోపల ‘శ్రీరాములయ్య’ చిత్రానికి ప్రారంభోత్సవం. అనంతపురం జిల్లాలో నక్సలైటు ఉద్యమంతో కలిసి నడిచి, భూస్వాములను ఎదిరించి, 1975లో హత్యకు గురైన పరిటాల శ్రీరాములు కథ అది. బాంబు గురి ఆయన కుమారుడు, శాసనసభ్యుడు పరిటాల రవి. రవి గాయాలతో బతికాడు. 26 మంది చనిపోయారు. వారిలో ఈటీవీ సిబ్బంది వున్నారు. వార్త కోసం, పనికోసం వచ్చినవారున్నారు. ఆ కేసులో మద్దెలచెరువు సూరికి యావజ్జీవ శిక్ష పడింది. అతని వెనుకా ఒక కథ వున్నది: 1993లో టెలివిజన్ పెట్టెలో అమర్చిన బాంబు అతని కుటుంబంలోనివారిని పొట్టన బెట్టుకున్నది. 2005 జనవరి 24న అనంతపురంలో రవిని కాల్చి చంపారు. ఆ రాత్రి రాష్ట్రమంతటా బస్సులు తగులబడ్డాయి. 2011 జనవరి 3న సూరిని అతని అనుచరుడే కారులో కాల్చాడు. అది జరిగింది యూసుఫ్‌గూడలో, మా యింటికి నడిచిపోగలిగినంత దూరంలో.

ఈ కథను మనవారు ఎట్లా చెప్పుకున్నారో గమనించండి. పత్రికలలోనైనా, ‘రక్తచరిత్ర’ అని రెండు భాగాలుగా తీసిన చిత్రంలోనైనా ఇది ఇద్దరు మగవాళ్ళ పగ. తండ్రి చావుకు కొడుకు, కుటుంబం చావుకు మరో కొడుకు. ఇద్దరి బాధా నిజమే. ఈ ఇద్దరూ ఒకరినొకరు క్షమించుకుని వుంటే ఎంత బాగుండేదని నిట్టూర్చిన పెద్దమనుషులను నేను ఎరుగుదును. సరే, క్షమించుకున్నారనుకుందాం. చేతులు కలిపి, ఏ మంత్రి సమక్షంలోనో దండలు మార్చుకున్నారనుకుందాం. ఆ 26 మంది సంగతి ఏమిటి? వారు పగలోనూ లేరు, క్షమలోనూ లేరు. కెమెరా మోయడానికి వచ్చి చచ్చినవాడి భార్య ఎవరిని క్షమించాలి, ఎవరిమీద పగబట్టాలి? ఆమెను ఎవరూ అడగలేదు. పగ తీర్చుకోవడం ఎట్లా పెద్దవారి హక్కో, క్షమించడం కూడా అట్లాగే పెద్దవారి హక్కు అయి కూర్చున్నది. భూమి, నీళ్ళు, కాంట్రాక్టులు ఎవరి చేతిలో వున్నాయో దయ కూడా వారి చేతిలోనే వున్నది.

మన సినిమా ఈ సూత్రాన్ని ఎంత చక్కగా పట్టుకున్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1999 తరువాత వరుసగా వచ్చిన సీమ కక్షల చిత్రాలలో కథానాయకుడు మొదటి సగంలో కత్తి దాచిన సాధువు. ఒకరు కాశీలో టాక్సీ నడుపుతారు, మరొకరు పిల్లలకు నాట్యం నేర్పుతారు. ఎవరు కొట్టినా పడతారు. ప్రేక్షకుడికి మాత్రం తెలుసు, ఆ క్షమ విశ్రాంతి వరకేనని. తరువాత గతం బయటపడుతుంది, సుమోలు గాలిలోకి లేస్తాయి. క్షమించగలగడం కూడా బలవంతుడి అలంకారమే. తలలు తెగిపడే ఆ వందమందిలో మా కృష్ణానగర్ కుర్రాళ్ళుంటారు. రోజుకు నాలుగుసార్లు చస్తారు, సాయంత్రం బత్తాకోసం ఏజెంటు చుట్టూ తిరుగుతారు. తెరమీద వారి పేరు పడదు. చనిపోయినవాడికి పేరుండనక్కరలేదన్న పాఠం మన ప్రేక్షకులకు అట్లా వంటబట్టింది.

ఇక ప్రభుత్వం క్షమించిన తీరు. కర్నూలు జిల్లాలో ఇద్దరి హత్యకు సంబంధించిన కేసులో పదేళ్ళ శిక్ష పడిన గౌరు వెంకటరెడ్డికి 2005లో గవర్నరు మిగిలిన శిక్ష రద్దుచేశారు. ఆయన భార్య అధికారపక్ష శాసనసభ్యురాలు. ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న సంగతి కూడా క్షమకు అర్హతగా అధికారుల నివేదికలోకి ఎక్కింది. చనిపోయినవారిలో ఒకరి కుమారుడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2006 అక్టోబరులో ఆ కోర్టు ఉత్తరువును కొట్టివేసింది. తండ్రిని పోగొట్టుకున్నవాడు వద్దు మొర్రో అంటున్నా, అతని తరఫున రాజ్యం క్షమించేసింది! ఎదుటివాడి ఇంటిని దానం చేసినట్లున్నది. క్షమను గురించి వ్యాసాలు రాసే మిత్రులు ఈ తీర్పును ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇంతవరకు చెప్పింది మన పాఠకులకు రుచించే వుంటుంది. ఇకముందు చెప్పేది రుచించకపోవచ్చును.

పగకు వర్గపోరాటమని పేరుపెట్టి మనం ఎంత కాలం మురిసిపోలేదు? శ్రీరాములు భూపోరాటం ఒకటి, ఆయన పేరుమీద తరువాత నడిచిన చంపుళ్ళు మరొకటి. మొదటిదానిలో కూలీలున్నారు, రెండవదానిలో అనుచరులున్నారు. ఈ తేడాను చెప్పవలసినవాళ్ళం మనం. చెప్పలేదు. ఎవడో ఒక దొర చచ్చాడు గదా అని లోపల లోపల సంతోషించాము. తీరా చూస్తే దొర పోయిన గద్దెమీద అనుచరుడు ఎక్కాడు, కూలి మాత్రం కూలిగానే వున్నాడు. యువమిత్రుడు మనల్ని విమర్శించిన ముక్కలో ఆ మేరకు నిజం వున్నది. ఒప్పుకుంటాను.

ఇంకా లోతుగా పోదాము. ప్రతి సెప్టెంబరులోనూ మనం బైరాన్‌పల్లి చెబుతాము. 1948 ఆగస్టులో రజాకార్లూ, నిజాము బలగాలూ ఆ ఊరిమీద పడి చంపినవారిని తలచుకుంటాము, తలచుకోవలసిందే. అయితే ఆ మరుసటి నెల పోలీసు చర్య జరిగాక సంస్థానంలో ముస్లిములమీద జరిగిన మారణకాండను విచారించడానికి పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులను భారత ప్రభుత్వమే పంపింది. తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయివుంటాయని వారు రాశారు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013 నాటికిగాని అది చదువరులకు అందలేదు. ప్రభుత్వం దాచింది, సరే. మనం ఎందుకు అడగలేదు? దెబ్బతిన్నవారిలో పేద ముస్లిములు, నేతపనివారు, చిన్న నౌకర్లు లేరా? వారికి మనం ఇచ్చిన సలహా ఒకటే: జరిగిందేదో జరిగింది, మరిచిపోండి. అడగకుండానే క్షమించమన్నాము. నేరం జరిగిందని ఒప్పుకోకుండా క్షమించమనడం కన్న ఘోరం మరొకటి లేదు. అది నోరు నొక్కడమే.

ఇక్కడే క్వేకర్ల దగ్గరకు మళ్ళీ రావలసి వున్నది. మా మిత్రుడు వారినుంచి పుచ్చుకున్నది చివరి మెట్టు మాత్రమే. కింది మెట్లను వదిలేశాడు. అమెరికాలో క్వేకర్లు కూడా బానిసలను ఉంచుకున్నవారే. 1688లో జర్మన్‌టౌన్‌లో కొందరు ఇది అన్యాయమని కాగితం రాసి సభకు పంపితే, పై సభలు దానిని పక్కకు పెట్టాయి. ఫిలడెల్ఫియా వార్షిక సభ తన సభ్యులు బానిసలను ఉంచుకోరాదని నిషేధించింది 1776లో. ఎనభై ఎనిమిదేళ్ళు! మౌనంగా కూర్చునేవారి మౌనం కూడా ఎప్పుడూ పవిత్రం కాదని దీనినిబట్టి తెలుస్తున్నది. మధ్యలో జాన్ వూల్‌మన్ అనే దర్జీ ఒకడు బయలుదేరాడు. కుర్రతనంలో కొట్టులో గుమాస్తాగా వుండగా యజమాని చెప్పినమీదట ఒక నీగ్రో స్త్రీ అమ్మకపు పత్రం తన చేతితో రాశాడు. ఆ కాగితం అతన్ని జీవితాంతం నిద్రపోనీయలేదు. తరువాత ఊరూరా తిరిగి, బానిసలున్న క్వేకర్ల ఇళ్ళలో బస చేయవలసి వస్తే, తనకు సేవచేసిన బానిసలకు కూలి లెక్కగట్టి ఇచ్చివచ్చేవాడు. మమ్మల్ని క్షమించండి అని ఆ బానిసలను అతను అడగలేదు. కూలి ఇచ్చాడు. ఇంటి యజమానికి ఎంత ఇబ్బందిగా వుండేదో ఊహించుకోవచ్చును.

మన దేశంలో మరొక దృశ్యం. 1947 ఆగస్టులో గాంధీ కలకత్తాలో హైదరీ మంజిల్‌లో దిగినప్పుడు అక్కడ హొరేస్ అలెగ్జాండర్ అనే ఇంగ్లీషు క్వేకరు కూడా వున్నాడు. ముందటి ఏడాది కలకత్తా నరమేధం జరిగినప్పుడు ముఖ్యమంత్రిగా వున్న సుహ్రావర్దీ గాంధీ పక్కనే వున్నాడు. ఆగస్టు 14 సాయంత్రం ఆగ్రహించిన గుంపు ఆయనను నిలదీసింది: నువ్వు బాధ్యుడివా కాదా? అందరమూ బాధ్యులమేనని మొదట దాటవేయబోయాడు. గుంపు ఒప్పుకోలేదు. చివరకు నేనే బాధ్యుణ్ణి అన్నాడు. ఆ ఒక్క మాటతో గుంపు చల్లబడింది. గాంధీ అహింసను గురించి మనకు ఎన్ని భేదాభిప్రాయాలున్నా, ఆ సాయంత్రం ఏది ముందు, ఏది వెనుక అన్నది గుంపుకు బాగా తెలుసు. మా మిత్రుడికి తెలియలేదు.

పగ వద్దు, ఉత్త క్షమ వద్దు అంటే మధ్యలో ఏమున్నదని కొందరు అడుగుతారు. చుండూరు వున్నది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను వేటాడి చంపి, గోనెసంచులలో కుక్కి కాలువలో పడేశారు. దళితులు ప్రతిగా ఎవరినీ నరకలేదు. ఎవరినీ క్షమించనూ లేదు. శవాలను ఊరి నడుమనే పూడ్చిపెట్టి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ నేరం జరిగిన ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి, ఆ ఊళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానాన్ని సాధించారు. తమను తరిమినవారి ముఖాలు చూస్తూ, అదే ఊళ్ళో కాపురముంటూ, సాక్ష్యం చెప్పారు. పదహారేళ్ళకు, 2007 జూలై 31న, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేదన్నది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. దీనిని విజయమని నేను అనను. కాని ఆ సాక్షులు చేసిన పనికి క్షమాశాస్త్రంలోనూ పేరు లేదు, పగశాస్త్రంలోనూ పేరు లేదు. వారు జరిగింది జరిగినట్లు చెప్పారు. బెదిరింపులున్నా చెప్పారు.

ఇప్పుడు నా సంగతి.

నిరుడు మా గల్లీలో ఒక కుర్రవాడు చనిపోయాడు. షూటింగులకు లైట్లు మోసేవాడు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి నాలుగిళ్ళలో పనిచేస్తుంది. రావలసిన బత్తా అడిగాడని ఏజెంటు మనుషులు రాత్రి పదకొండుగంటలవేళ వీధి మొగలో పట్టుకుని కొట్టారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో వుండి పోయాడు. నెల తిరక్కుండానే పెద్దలు రాజీ తెచ్చారు. రెండు లక్షలు ఇస్తారు, వాళ్ళూ చిన్నపిల్లలే, పోయినవాడు ఎట్లాగూ తిరిగి రాడు, క్షమించి వేయమన్నారు. చదువుకున్నవాణ్ణని నన్ను కూడా తీసుకువెళ్ళారు. నేను కూడా చెప్పాను. “అమ్మా, కోపం మనసును తినేస్తుంది, మరచిపోవడానికి ప్రయత్నించు” అన్నాను. ఆమె నావంక చాలాసేపు చూచింది.

“సారూ, ఆళ్ళు కొట్టిన్నని ఒప్పుకోనేలేదు గద. నేను దేన్ని మాఫ్ జెయ్యాలె?” అన్నది.

మేము తల వంచుకుని లేచివచ్చాము.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మన చట్టంలో హత్యకు రాజీ లేదు. తల్లి క్షమించానన్నా కేసు పోదు. అందుచేత పెద్దమనుషుల భాషలో క్షమ అంటే అర్థం ఒక్కటే: సాక్షులు ఎదురు తిరగాలి. చూడలేదనాలి, చీకటి అనాలి, గుర్తులేదనాలి. కక్షల కేసులు చాలావాటిని ఇట్లాగే పూడ్చారు. క్షమ పేరుతో జరిగేది అబద్ధసాక్ష్యపు వ్యాపారం. ప్రమాణం చేయడమే అబద్ధానికి తావిస్తుందని జైలుకు వెళ్ళిన క్వేకర్లు దీనిని చూస్తే ఏమంటారో!

ఆ రాత్రి నేను మేడమీద వున్నాను. కేకలు విని పిట్టగోడ దగ్గరకు వచ్చాను. కొట్టినవారిలో ఇద్దరిని గుర్తుపట్టాను; వీధిదీపం వెలుగుతూనే వున్నది. పోలీసులు వచ్చి అడిగినప్పుడు నిద్రలో వున్నానని చెప్పాను. నాకు పెళ్ళికెదిగిన కూతురున్నది, అద్దె ఇల్లు, ఏజెంటుకు పైన ఎవరి అండ వున్నదో అందరికీ తెలుసు. ఆ తల్లికి క్షమను బోధించడానికి వెళ్ళినవాడు ఈ నిద్రపోయినవాడే. ఆమె క్షమిస్తే నా అబద్ధం కూడా దానితోపాటు మాఫీ అవుతుంది. నా కరుణకు మూలం అది. వూల్‌మన్ రాసిన అమ్మకపు పత్రంలాగా నా చేతనూ ఒక కాగితం వున్నది, పోలీసు వాఙ్మూలం రూపంలో.

మిత్రుడి వ్యాసానికి చప్పట్లు కొట్టలేకపోయింది ఇందువల్ల. ఆ మరునాడు ఆమె ఇంటికి పోయి, చూచానని చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు, క్షమించాననీ అనలేదు. “కోర్టుల జెప్తవా?” అని మాత్రం అడిగింది. చెబుతానన్నాను. వకీలును కలిసి, మొదట అబద్ధం చెప్పానని రాసి ఇచ్చాను. ముందు మాట మార్చినవాడి సాక్ష్యానికి విలువ తక్కువనీ, ఎదుటి వకీలు చీల్చి చెండాడుతాడనీ ఆయన హెచ్చరించాడు. వీధిలో ఇద్దరు పెద్దలు పలకరించడం మానివేశారు. ఇంటాయన రెండు నెలలలో ఖాళీ చేయమన్నాడు, కారణం చెప్పలేదు. ఆదివారం చదువు మాత్రం సాగుతున్నది; వచ్చే వారం మళ్ళీ ఆ వ్యాసమే చర్చకు పెట్టమని అడిగాను. కేసు నాంపల్లి కోర్టులో పై నెల పన్నెండో తారీఖున వాయిదా వున్నది. ఆమె ఆ రోజుకు నాలుగిళ్ళలోనూ సెలవు అడిగి పెట్టుకున్నది.